చిన్న తెరచాప పడవకు రెయిలింగ్: డెక్ కింద నుంచి మొదలుపెట్టి చేసే పద్ధతి

"అన్నా, పడవకి రెయిలింగ్ మార్చాలనుకుంటున్నా. ఏ పైపు వేయించమంటావ్?"

కృష్ణపట్నం వైపు నుంచీ, కొత్తపట్నం వైపు నుంచీ నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. పైపు సంగతి తర్వాత, ముందు రెయిలింగ్ వైర్లను మోసే నిలువు పోస్టు కింద, డెక్ (పడవ పై తలం) అడుగున ఏముందో తల దూర్చి చూసి చెప్పమంటాను. అవతల కాసేపు మాట ఉండదు. అక్కడ ఎవరూ చూసి ఉండరు.

నేనూ చూడలేదు. పాత 24 అడుగుల ఫైబర్ పడవ కొన్న కొత్తలో కండలేరు ఉప్పుటేరులో లంగరు వేసి, పోస్టుకు ఆనుకుని టీ తాగుతున్నాను. టీ గ్లాసుతో సహా నీళ్లలో పడ్డాను. పోస్టు నా చేతిలోనే ఉంది. దాని నాలుగు బోల్టులూ ఉన్నాయి, వాటి చివర రూపాయి బిళ్లంత వాషర్లూ ఉన్నాయి. ఆ వాషర్లు ఫైబర్‌ను బిస్కెట్‌లా చించుకుని పైకొచ్చేశాయి. అది ఉప్పుటేరు కాబట్టి నవ్వుకుని ఎక్కాను. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటాక జరిగితే నవ్వడానికి ఉండేది కాదు.

ఇది 20 నుంచి 26 అడుగుల ఫైబర్ తెరచాప పడవల కోసం రాసింది. ఇంజన్ పెట్టిన చేపల పడవలకు 5, 8, 9 భాగాలు పనికొస్తాయి. వల లాగే పక్కన మాత్రం పోస్టులు పెట్టకండి. వల చిక్కుకుంటుంది, దాన్ని విడిపించబోయి మనిషి పడతాడు.

1. ఉన్న రెయిలింగ్‌ను పరీక్షించండి

ఇద్దరు కావాలి. ఒకరు పోస్టు పైకొస పట్టుకుని బయటికీ లోపలికీ గట్టిగా ఊపాలి. రెండోవాళ్లు బేస్ (డెక్‌కు బోల్టులతో బిగించిన అడుగు పలక) దగ్గర కళ్లు పెట్టి చూడాలి.

- పోస్టు మాత్రమే సాకెట్‌లో (బేస్ మీద పోస్టు దిగే గొట్టంలో) లొడలొడలాడితే చిన్న పని, స్క్రూతో పోతుంది.
- బేస్ చుట్టూ డెక్ ఉబ్బి దిగుతుంటే బ్యాకింగ్ ప్లేటు (డెక్ కింద బోల్టులకు వేసే వెడల్పు పలక) లేదన్నమాట.
- బేస్ నుంచి సన్నటి పగుళ్లు సాలెగూడులా బయలుదేరి ఉంటే డెక్ ఎప్పుడో దెబ్బ తింది.
- బోల్టు కింద గోధుమరంగు చారలుంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయి.

తర్వాత స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్ మీద తట్టుకుంటూ పోండి. ఖంగున మోగితే బాగున్నట్టు. పండిన పుచ్చకాయ మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తే రెండు ఫైబర్ పొరల మధ్య ఉన్న కోర్ తడిసి కుళ్లుతోంది. అంతమేర పెన్సిల్‌తో గీత గీయండి. గీసిన చోటు అరచేతికన్నా పెద్దదైతే రెయిలింగ్ పని ఆపి ముందు డెక్ బాగు చేయించాలి. ఈ మాట ఎవరికీ నచ్చదు, నాకూ నచ్చలేదు.

2. పని ఎప్పుడు పెట్టుకోవాలి

మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. అప్పుడు డెక్‌కు కన్నాలు పెట్టి కూర్చోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) కప్పులోనే పొగలు కక్కి గడ్డకడుతుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డుకెక్కుతాయి కాబట్టి ఫైబర్ పనివాళ్లు దొరకరు.

జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా మంచి సమయం. పొద్దున మంచు తడి ఆరాక, తొమ్మిదింటికి మొదలుపెట్టండి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే ఉప్పు తేమ వస్తుంది, ఇసుకా వస్తుంది. ఎపాక్సీ పని ఆలోపే అయిపోవాలి.

3. కొలతలు

ప్రపంచ సెయిలింగ్ సంస్థ ఆఫ్‌షోర్ నిబంధనల్లో పోస్టుల మధ్య దూరం 2.2 మీటర్లు మించకూడదని ఉంది. 8.5 మీటర్లలోపు పడవలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఒకే వైరున్నా ఒప్పుకుంటారు. నా మాట వింటే 60 సెంటీమీటర్లు పెట్టండి, వైర్లు రెండు వేయండి. 45 సెంటీమీటర్ల వైరు చాలామందికి మోకాలి దగ్గరే తగులుతుంది. పడబోయేవాణ్ణి అది ఆపదు, కాలికి అడ్డం తగిలి తలకిందులుగా బయటికి పంపిస్తుంది.

నా పడవలో ముందు అణియం దగ్గరి చట్రానికీ వెనుక అమరం దగ్గరి చట్రానికీ మధ్య ఒక్కో పక్క 5.4 మీటర్లు వచ్చింది. దాన్ని మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 1.8 మీటర్లు. అంటే పక్కకు రెండు పోస్టులు, మొత్తం నాలుగు. వైరు నాలుగు వరసలకు 21.6 మీటర్లు. కొసలకూ తప్పులకూ కలిపి 25 తెచ్చాను. తక్కువ తెస్తే మళ్లీ చెన్నై వెళ్లాలి.

బేస్ పడే ప్రతి చోటా కింద చెయ్యి పోతుందా, నట్ బిగించడానికి పానా తిరుగుతుందా చూసుకోండి. కింద బీరువా గోడో నీళ్ల ట్యాంకో అడ్డొస్తే పోస్టును పది సెంటీమీటర్లు జరపండి. ఈ ఒక్కటి ముందే చూసుకోక డెక్‌కు అనవసరంగా కన్నం పెట్టినవాళ్లు చాలామంది.

4. స్టీలు

నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ మెట్లకు స్టీలు రెయిలింగ్ చేసే షెడ్డుకు వెళ్లి "స్టెయిన్‌లెస్ పైపు" అని అడిగితే చాలాచోట్ల ఇచ్చేది 202 రకం. ఇంట్లో మెట్లకు అది చాలు. సముద్రం మీద మాత్రం కొన్ని నెలల్లోనే టీ మరకల్లా తుప్పు పడుతుంది. 304 కొంత మేలు. కావాల్సింది 316. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది దానివల్లే.

"అయస్కాంతం అంటుకోలేదు కదా, అది 316 ఏలే సామీ" అని షెడ్డాయన అంటాడు. 202కూ 304కూ కూడా అంటుకోదు. మాలిబ్డినం పరీక్ష ద్రవం చిన్న సీసాల్లో దొరుకుతుంది. చుక్క వేస్తే రంగును బట్టి తెలుస్తుంది. అది లేకపోతే బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. రాయనన్నారంటే అర్థం చేసుకోండి.

- పోస్టు: 25 మిల్లీమీటర్ల పైపు, గోడ మందం 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా.
- బోల్టులు: 8 మిల్లీమీటర్లవి, తల మీద ఏ4 అని గుర్తు ఉన్నవి. ఏ2 అంటే 304 జాతి.
- సాకెట్ అడుగున నీళ్లు పోవడానికి చిన్న కన్నం. ఇది లేకపోతే పోస్టు లోపలి నుంచి తుప్పు పడుతుంది.
- వైరు దూరే కన్నాల్లో వెల్డు చేసి, అంచులు నున్న చేసిన బుష్‌లు.

వెల్డింగ్ దగ్గర నీలంగా, గోధుమరంగుగా మారిన చోటును పిక్లింగ్ పేస్టుతో శుభ్రం చేయించండి. వదిలేస్తే తుప్పు మొదలయ్యేది అక్కడే. ఆ పేస్టు ఘాటైన ఆసిడ్, వట్టి చేతులతో ముట్టకూడదు.

5. అసలు పని: డెక్ కింద

ముందు చిన్న లెక్క. 80 కిలోల మనిషి తూలి 60 సెంటీమీటర్ల పోస్టు పైకొసకు తగిలాడనుకోండి. కింద బేస్‌లో బోల్టుల మధ్య దూరం 10 సెంటీమీటర్లు. పోస్టు గునపంలా పనిచేస్తుంది: 80ని 60తో గుణించి 10తో భాగిస్తే 480. లోపలి వైపు రెండు బోల్టులు కలిసి 480 కిలోల లాగుడును మోయాలి. ఊపుతో వచ్చి తగిలితే అంతకన్నా ఎక్కువ. రూపాయి బిళ్లంత వాషర్ దాన్ని ఎట్లా మోస్తుంది?

ఆ బరువును వెడల్పున పంచేదే బ్యాకింగ్ ప్లేటు. బేస్ కన్నా నాలుగు పక్కలా మూడు నాలుగు సెంటీమీటర్లు పెద్దదిగా, 6 మిల్లీమీటర్ల మందాన ఉండాలి, మూలలు గుండ్రంగా కోయాలి. అల్యూమినియం వద్దంటాను. ఉప్పు తడిలో స్టీలు బోల్టు పక్కన అది తెల్లటి పొడిగా తినేసుకుపోతుంది. మామూలు ప్లైవుడ్ కుళ్లుతుంది. ఫైబర్ ప్లేటు మనమే చేసుకోవచ్చు. 450 గ్రాముల మ్యాట్ (గాజుపీచు చాప) ఒక్కో పొర సుమారు మిల్లీమీటరు వస్తుంది. ప్లాస్టిక్ షీటు పరిచిన బల్ల మీద ఆరేడు పొరలు వేసి, గట్టిపడ్డాక కోసుకోవడమే. కోసేటప్పుడు మాస్క్, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. లేకపోతే రెండు రోజులు దురద.

ఇక కన్నాలు. ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది.

(అ) పాత బేస్ తీసి, పాత సీలెంట్‌ను (నీళ్లు దిగకుండా రాసే జిగురును) బ్లేడుతో గీకేయండి. సిలికాన్ వాడి ఉంటే దాని జిడ్డు మీద ఇంకేదీ అంటుకోదు, కాబట్టి ఎసిటోన్‌తో తుడిచి, ఎమిరీ కాగితంతో రుద్ది, మళ్లీ తుడవాలి.

(ఆ) కొత్త బేస్ పెట్టి కన్నాల గుర్తులు వేసుకుని, 8 మిల్లీమీటర్ల బోల్టుకు 16 మిల్లీమీటర్ల కన్నం పెట్టండి. పై పొర, మధ్య కోర్ దాకానే. కింది పొరను తెంచకండి. బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకుంటే చెయ్యి ఆగుతుంది.

(ఇ) వచ్చిన పొట్టు చూడండి. పొడిగా తెల్లగా ఉంటే మంచిది. నల్లగా తడిగా, నానిన అటుకుల్లా వస్తే కోర్ కుళ్లింది. వంచిన మేకును డ్రిల్లుకు పెట్టి తిప్పి, చుట్టూ ఆ కుళ్లంతా పోయేదాకా తోడేయాలి. తర్వాత రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. రాత్రిపూట పట్టా కప్పడం మర్చిపోవద్దు.

(ఈ) పాత కన్నం కిందకి పోయి ఉంటే అడుగున టేపు అంటించండి. ముందు పల్చటి ఎపాక్సీని కన్నం గోడలకు బ్రష్‌తో పూయండి. పది నిమిషాలాగి, సిలికా పొడి కలిపి వేరుశనగ వెన్నంత చిక్కగా చేసిన ఎపాక్సీతో నింపండి. ఒక్కో కన్నానికి సరిపడా కొంచెం కొంచెమే, వెడల్పాటి మూతలో కలుపుకోవాలి. లోతు కప్పులో ఎక్కువ కలిపితే వేడెక్కి వృథా అవుతుంది.

(ఉ) ఒక రోజు పూర్తిగా ఆగండి. పైన సమం చేసి, ఇప్పుడు 8 మిల్లీమీటర్ల కన్నం ఆ ఎపాక్సీ మధ్యలోంచి కింది దాకా పెట్టండి. ఇక బోల్టు వెంట నీళ్లు దిగినా కోర్‌కు తగలవు.

(ఊ) కన్నం పై అంచును పెద్ద బిట్‌తో కొద్దిగా ఏటవాలుగా చెక్కండి. సీలెంట్ అక్కడ చేరి బోల్టు చుట్టూ ఉంగరంలా నిలుస్తుంది.

మన దగ్గర ఫైబర్ పనివాళ్లు అన్నింటికీ వాడేది పాలియెస్టర్ రెజిన్. కొత్త పడవ పోతకు అది సరిపోతుంది గానీ పాత ఫైబర్‌నూ కర్రనూ ఎపాక్సీ పట్టుకున్నంత గట్టిగా పట్టుకోదు. ఇక్కడ ఎపాక్సీయే కావాలని పట్టుబట్టండి. పాలియెస్టర్ వాడేచోట మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: కోబాల్ట్‌నూ (రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపేది) హార్డెనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు. భగ్గుమంటుంది, పేలొచ్చు కూడా. ఒకటి రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది.

6. బిగించడం

బ్యాకింగ్ ప్లేటును చిక్కటి ఎపాక్సీ మీద కూర్చోబెట్టండి. డెక్ అడుగు ఎప్పుడూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఖాళీ మిగిలితే బిగించినప్పుడు ప్లేటు ఒక మూలనే మోస్తుంది.

సీలెంట్ పాలియూరిథేన్ రకం తీసుకోండి, సిలికాన్ వద్దు. బేస్ అడుగంతా, బోల్టు తల కిందా రాసి, అంచుల నుంచి సీలెంట్ పొంగేదాకా మాత్రమే బిగించి ఆపండి. ఒక రోజయ్యాక పూర్తిగా బిగించండి.

బిగించేటప్పుడు పైన ఒకరు బోల్టు తలను కదలకుండా పట్టుకోవాలి. కింద ఉన్నవాళ్లు నట్‌ను మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగితే నిన్న పట్టిన సీలెంట్ ఊడిపోతుంది. కింద ఇరుకులో పడుకున్నవాడికి పైనున్నవాడి మాట వినపడదు. అందుకే మేం రెండు తట్లు తడితే "ఆపు" అని పెట్టుకున్నాం.

స్టీలు నట్ స్టీలు బోల్టు మీద గబగబా తిప్పితే వేడికి పట్టేసి, ముందుకూ వెనక్కూ రాదు. మరలకు కొంచెం యాంటీ-సీజ్ గ్రీజు రాసి నిదానంగా తిప్పండి.

7. వైరు

4 మిల్లీమీటర్ల 316 వైరు, ఒకటికి పంతొమ్మిది అల్లిక. అంటే పంతొమ్మిది తీగలను ఒకే పురిగా మెలేసినది. ఇది తక్కువ సాగుతుంది. తెల్లటి ప్లాస్టిక్ తొడుగున్న వైరు చేతికి మెత్తగానే ఉంటుంది గానీ కొనకండి. తొడుగులోకి దిగిన ఉప్పునీరు బయటికి పోదు, లోపల వైరు ఎంత తినేసుకుపోయిందో తెగేదాకా కనిపించదు. పాత పడవకు అది ఉంటే ఈ రోజే కోసి పారేయండి.

కొసలు మెషీన్‌తో నొక్కించినవే ఉండాలి. బావి మోటారు తాడుకు వేసే యు-క్లాంపులు పనికిరావు. జారతాయి, చేతులు చీరుకుంటాయి. ఒక కొసన టర్న్‌బకిల్ (తిప్పితే వైరు బిగిసే మరల బిగింపు), రెండో కొసన సన్నటి బలమైన సింథటిక్ తాడుతో నాలుగైదు చుట్లు కట్టుకోవచ్చు. ఆ కట్టు ఉన్న ఖాళీ 10 సెంటీమీటర్లు మించకూడదు, తాడును ఏడాదికోసారి మార్చాలి. ఎమర్జెన్సీలో పడవలోకి మనిషిని లాగాల్సి వస్తే కత్తితో ఆ తాడు కోసి వైరు దించేయొచ్చు. నేను రెండు పక్కలా ఇలాగే పెట్టుకున్నాను.

బిగువు ఎంత ఉండాలి? చేపలు తూచే వేలాడే కాటా తీసుకోండి. రెండు పోస్టుల మధ్య పై వైరుకు తగిలించి 5 కిలోలు చూపించేదాకా లాగండి. వైరు 5 సెంటీమీటర్లకన్నా ఎక్కువ కదిలితే వదులుగా ఉంది. గిటారు తీగలా మరీ బిగించినా పోస్టులు లోపలికి వంగుతాయి.

టర్న్‌బకిల్ ఊడకుండా పెట్టే చీలిక మేకు, అంటే కాటర్ పిన్, కొసలకు టేపు చుట్టండి. తెరచాప చిరిగేది వాటికి తగిలే.

8. వైరును నమ్ముకుని నడవకండి

రెయిలింగ్ చివరి అడ్డు మాత్రమే. దానికన్నా ముందు రెండు ఉండాలి: మొదట పట్టు, ఆ తర్వాత ఒంటికి తాడు.

పట్టు అంటే క్యాబిన్ కప్పు మీద పట్టుకునే కడ్డీలు. వెనుక నుంచి తెరచాప కొయ్య దాకా, కొయ్య నుంచి అణియం దాకా ఒక చెయ్యి వదిలేలోపు ఇంకో చెయ్యికి ఏదో ఒకటి అందాలి. కళ్లు మూసుకుని నడిచి చూడండి. చెయ్యి గాల్లో వెతికిన ప్రతి చోటా కడ్డీ కావాలి. వీటికీ 5వ భాగంలో చెప్పినట్టే బోల్టులు, బ్యాకింగ్ ప్లేట్లు. స్క్రూలతో బిగించిన కడ్డీ లేనిదానికన్నా ప్రమాదం, ఉందన్న ధైర్యంతో మనిషి దానికి వేలాడతాడు.

ఒంటికి తాడంటే హార్నెస్, భుజాల మీదుగా ఛాతీకి బిగించుకునే పట్టీలు. డెక్ పొడవునా చెరో పక్క, వీలైనంత లోపలికి, జాక్‌లైన్ అనే పాలియెస్టర్ పట్టీ పరిచి, హార్నెస్ హుక్కును దానికి తగిలించుకుంటాం. గుండ్రటి తాడైతే కాలి కింద దొర్లుతుంది. పట్టీకి కనీసం రెండు టన్నుల బలం ఉండాలి, కొసలు కట్టే డెక్ మీది రింగులు కూడా అంత గట్టివే కావాలి. హుక్కు తాడు 2 మీటర్లు మించకూడదు, మీటరుదైతే ఇంకా మంచిది. జాక్‌లైన్ అమరం చివరిదాకా తేకుండా ముందే ఆపండి. లేకపోతే పడినవాడు పడవ వెనుక నీళ్లలో ఈడ్చుకుపోతాడు.

హుక్కును రెయిలింగ్ వైరుకు తగిలించకండి. వైరు ఆనుకోవడానికి, వేలాడే మనిషి బరువుకు కాదు.

9. జారని డెక్

రెండు భాగాల పాలియూరిథేన్ పెయింటు, దాని మీద గరుకు పొడి. డెక్‌ను 80 నంబరు కాగితంతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరాక అంచులకూ ఫిట్టింగుల చుట్టూ రెండు వేళ్ల వెడల్పున టేపు వేసి వదిలేయండి. ఒక పూత వేసి, తడిగా ఉండగానే ఉప్పు డబ్బాకు కన్నాలు పెట్టి పొడి చల్లండి. ఆరాక అంటనిదాన్ని ఊడ్చేసి పైన ఇంకో పూత.

బీచ్ ఇసుక వాడొద్దు. ఊరికే దొరుకుతుందని చాలామంది అదే వేస్తారు. అందులోని ఉప్పు తేమను పీల్చి పెయింటు కింద బుడగలు లేపుతుంది. పెన్నా ఇసుకను బాగా కడిగి, ఎండబెట్టి, సన్న జల్లెడ పట్టుకున్నా పర్వాలేదు. రంగు లేత బూడిదో గోధుమో వేయండి. ముదురు రంగు డెక్ మీద మే నెలలో కాలు మోపలేరు, తెల్లది కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది.

10. పడితే ఎక్కేదెలా

అమరం దగ్గర నీళ్లలో ఉన్నవాడే లాగి దించుకోగల నిచ్చెన ఉండాలి. కింది మెట్టు నీటిలోకి అర మీటరైనా దిగాలి, లేకపోతే కాలు అందదు. లేదంటే మోకుకు మెట్లలా ముడులు వేసి, కొస చేతికందేలా వేలాడదీయండి. ఉప్పుటేరులో బట్టలతో, లైఫ్ జాకెట్‌తో ఒకసారి ఎక్కి చూడండి. తీరరక్షక దళం నంబరు 1554 క్యాబిన్ తలుపు మీద రాసిపెట్టండి.

11. ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు

*పోస్టు మళ్లీ ఊగుతోంది.* సాకెట్ స్క్రూ చూడండి. అది బాగుంటే నట్‌లు. నట్ బిగించిన నెలకే మళ్లీ వదులైతే ప్లేటు కింద ఖాళీ ఉంది, విప్పి ఎపాక్సీ మీద మళ్లీ కూర్చోబెట్టాలి.

*కొత్త స్టీలు మీద మరకలు.* వెల్డింగ్ దగ్గరైతే పిక్లింగ్ సరిగ్గా చేయలేదు. పైపంతా అయితే మోసపోయారు. మామూలు ఇనుప పీచుతో తోమినా ఇలాగే అవుతుంది, దాని రవ్వలు అంటుకుని తుప్పు పడతాయి.

*గేటు (ఎక్కి దిగడానికి వైరు తెరుచుకునే చోటు) తెరిస్తే మిగతా వైరంతా వదులవుతోంది.* గేటుకు రెండు పక్కలా ఉన్న పోస్టులకు ఏటవాలు ఊతం వెల్డు చేయించాలి. వట్టి పోస్టు ఆ లాగుడుకు నిలవదు.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి

- ప్రతి పోస్టునూ చేత్తో ఒకసారి ఊపండి
- గేటు హుక్కు పూర్తిగా మూసుకుందా
- తాడు కట్లు పీచులేచాయా
- కాటర్ పిన్నులన్నీ ఉన్నాయా
- జాక్‌లైన్ ఎండకు పెళుసుబారిందా (వాడనప్పుడు తీసి లోపల పెట్టండి)
- నిచ్చెన కింద నుంచి అందుతోందా

పని అయ్యాక ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. డెక్ కింద ప్రతి నట్ చుట్టూ కొంచెం ముగ్గుపిండి అద్దండి. పైన ఒక్కో బేస్ మీద రెండు బకెట్ల నీళ్లు పోయించి, గంట తర్వాత టార్చితో చూడండి. పిండి పొడిగా ఉంటే సరే. ఎక్కడైనా తడి చుక్క కనిపిస్తే ఆ నట్‌ను ఇంకో చుట్టు బిగించి సరిపెట్టుకోకండి, ఆ బోల్టు తీసి, తుడిచి, సీలెంట్ మళ్లీ వేయాల్సిందే.